గిటారు యాంప్లిఫయర్ పాత పవర్ ట్యూబులు: గుర్తుపట్టి, పరీక్షించి, వెల కట్టడం ఎలా

రేడియో మెకానిక్కులు వాల్వు అనేదాన్నే గిటారు వాళ్ళు ట్యూబు అంటారు. యాంప్లిఫయర్ చివరి దశలో స్పీకర్‌ను నడిపేది పవర్ ట్యూబు. అటక మీది అట్టపెట్టెలో దొరికినా, పాత యాంప్లిఫయర్‌తో పాటు వచ్చినా, ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మజూపినా ముందు తేల్చుకోవలసినవి మూడు. ఇది నిజంగా ఎవరు తయారు చేసిన ట్యూబు? ఇంకా ఎంత ప్రాణం మిగిలింది? దీనికి జత ఉందా? ఆ తరవాతే ధర సంగతి. గాజు మీద పెద్ద అక్షరాల్లో అచ్చేసిన కంపెనీ పేరు ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ నమ్మకమైన జవాబు చెప్పదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న మాట ఈ వ్యాపారానికి సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ ఎక్కువగా ఇఎల్34, 6ఎల్6జిసి, ఇఎల్84, 6వి6జిటి గురించే చెబుతాం. మార్షల్ 50, 100 వాట్ల తలలు (స్పీకర్ లేని విడి యాంప్లిఫయర్లు), ఫెండర్ ట్విన్ రివర్బ్, డీలక్స్ రివర్బ్, వాక్స్ ఎసి30 ఈ నాలుగింటి మీదే నడుస్తాయి. కెటి66, కెటి88, 6550 సందర్భాన్ని బట్టి వస్తాయి.

తుడవకముందు చూడండి

దుమ్ము పట్టిన ట్యూబు చేతికి రాగానే తడిగుడ్డతో తుడవాలనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయొద్దు. పాత ట్యూబుల మీద అచ్చు చాలా బలహీనంగా ఉంటుంది. ఆర్‌సిఎ, జిఇ అనే అమెరికన్ కంపెనీల కొన్ని ట్యూబుల అక్షరాలు పొడి వేలితో రుద్దినా రాలిపోతాయి. అచ్చు పోయినా ట్యూబు పని చేస్తుంది, కానీ కొనేవాడికి ఆధారం ఉండదు, రేటూ దానితోపాటే పోతుంది. అక్షరాలు లేని చోట మెత్తని పొడి బ్రష్‌తో దులపండి. ఆ వెంటనే నాలుగు వైపుల నుంచీ, అడుగు నుంచీ, పై నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి.

పిన్నుల విషయంలో మీరు వాడుకుంటారా, అమ్ముతారా అన్నదాన్ని బట్టి నడుచుకోవాలి. వాడుకునేదైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో శుభ్రం చేయండి, మొండి నలుపుంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. స్టీల్ ఊల్ వద్దు, దాని పీచు సాకెట్లో ఇరుక్కుని రెండు పిన్నుల్ని కలిపేస్తుంది. అమ్మేదైతే పిన్నుల జోలికే పోకండి. సమానంగా మసకబారి, నిలువు గీతలు లేని పిన్నులంటే ట్యూబు సాకెట్ ఎక్కలేదనడానికి మంచి సాక్ష్యం. వాటిని తళతళలాడించి ఆ సాక్ష్యాన్ని మీరే చెరిపేసుకుంటారు.

అచ్చు కనపడీ కనపడకుండా ఉంటే గాజు మీద నోటి ఆవిరి ఊది, లైటును పక్క నుంచి వాలుగా పట్టండి. సిరా పోయిన చోట కూడా అక్షరాల ఆకారం ఒక్క క్షణం తేలుతుంది. ఆ క్షణానికి ఫోను కెమెరా సిద్ధంగా ఉంచుకోండి.

కోడ్ చదవడం

ఫిలిప్స్ కుటుంబం ట్యూబులు, అంటే మల్లార్డ్, ఫిలిప్స్, వాల్వో, ఆంపరెక్స్ పేర్లతో వచ్చినవి, గాజు అడుగు భాగంలో రెండు వరసల చిన్న కోడ్ మోస్తాయి. పెద్ద లోగో కంటే ఈ చిన్న కోడ్‌దే విలువ. పై వరసలో రకం, దాని మార్పు సంఖ్య ఉంటాయి. ఇఎల్34కి ఆ గుర్తు ఎక్స్‌ఎఫ్. ఎక్స్‌ఎఫ్1, ఎక్స్‌ఎఫ్2, ఎక్స్‌ఎఫ్3, ఎక్స్‌ఎఫ్4 అనే మాటలు అమ్మకాల ప్రకటనల్లో కనిపించేది అందుకే. కింది వరసలో మొదటి గుర్తు ఫ్యాక్టరీ, తరవాతి అంకె సంవత్సరంలో చివరి అంకె, ఆ తరవాతి అక్షరం నెల, ఆఖరి అంకె ఆ నెలలో వారం. నెలల అక్షరాలు ఇంగ్లీష్ ఎ నుంచి ఎల్ వరకు, ఎ అంటే జనవరి.

ఉదాహరణకు పైన ఎక్స్‌ఎఫ్2, కింద బి6డి2 అని ఉందనుకోండి. బి అంటే ఇంగ్లండ్ లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్‌లో ఉన్న మల్లార్డ్ ఫ్యాక్టరీ. 6 అంటే 6తో ముగిసే సంవత్సరం. డి ఏప్రిల్. 2 రెండో వారం. దశాబ్దం కోడ్‌లో లేదు, దాన్ని మార్పు సంఖ్యను బట్టి ఊహించాలి. ఎక్స్‌ఎఫ్2 ప్రధానంగా 1960ల సరుకు కాబట్టి ఇది 1966 ఏప్రిల్. బేరంలో "1956 మల్లార్డ్" అని ఎవరైనా ఎక్స్‌ఎఫ్2 చూపిస్తే ఆ పదేళ్ళ తేడా అడగండి.

అమెరికన్ ట్యూబుల పద్ధతి వేరు. మూడంకెల తయారీదారు సంఖ్య, దాని వెనక సంవత్సరం, వారం ఉంటాయి. 188 జిఇ, 274 ఆర్‌సిఎ, 312 సిల్వేనియా, 322 టంగ్‌సోల్. ఆర్‌సిఎ ట్యూబుల మీద రకం సంఖ్య చుట్టూ ఎనిమిది భుజాల గడి చెక్కి ఉంటుంది. లోగో చెరిగిపోయినా ఆ గడి వెలుతురులో దొరుకుతుంది.

ఈ సంఖ్యల ఉపయోగం ఎక్కడంటే, 1950, 60లలో కంపెనీలు ఒకదాని సరుకు ఇంకొకటి కొని తమ పేరుతో అమ్మేవి. బ్లాక్‌బర్న్‌లో తయారైన ఇఎల్34 ఆంపరెక్స్ పెట్టెలోనూ, ఆర్‌సిఎ పెట్టెలోనూ దొరుకుతుంది. హామండ్, బాల్డ్‌విన్ లాంటి ఆర్గాన్ కంపెనీలు సిల్వేనియా, ఆర్‌సిఎ ట్యూబుల మీద తమ పేరు వేయించుకున్నాయి. ఆర్గాన్ పేరు చూసి అమ్మేవాడు తక్కువ రేటు చెబుతాడు, 312 అంకె చూసి మీరు కొనేయొచ్చు. నిజమైన లాభసాటి బేరాలు దొరికేది ఇక్కడే.

దీనికి వ్యతిరేక దిశలో ఉన్న ఉచ్చు ఇంకా పెద్దది. మల్లార్డ్, టంగ్‌సోల్, జెనలెక్స్ గోల్డ్ లయన్ అనే పేర్లు ఇప్పుడు న్యూ సెన్సర్ అనే అమెరికన్ కంపెనీవి. ఆ పేర్లతో వచ్చే కొత్త ట్యూబులు రష్యాలోని సరాటోవ్‌లో తయారవుతాయి. అవి మంచి ట్యూబులే, కానీ పాతవి కావు. కొత్త మల్లార్డ్ గాజు అడుగున ఫిలిప్స్ రెండు వరసల కోడ్ ఉండదు. "మల్లార్డ్, కొత్తది, పెట్టెతో సహా" అన్న ప్రకటన చూస్తే అడుగు భాగం ఫొటో అడగండి. పంపకపోతే వదిలేయండి. స్వెట్లానా పేరుకీ ఇలాంటి చిక్కే ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ ఫ్యాక్టరీ సరుకు మీద రెక్కలున్న సి అక్షరం ఉంటుంది, సేకరించేవాళ్ళు వెతికేది దాన్నే. వట్టి స్వెట్లానా పేరుతో, ఎస్ అక్షరంతో ఇప్పుడు వచ్చేవి సరాటోవ్‌వి.

అలాగే చాలా సీమెన్స్ ఇఎల్34లు తూర్పు జర్మనీ ఆర్‌ఎఫ్‌టి సరుకే. 1980ల మార్షల్ తలల్లో అవే ఎక్కువగా కనిపిస్తాయి. వాటికి వాటి విలువ ఉంది, కానీ దాని మీద ఎవరైనా మల్లార్డ్ లోగో కొత్తగా అచ్చేస్తే అది దొంగసరుకు. పాత సిరా ఎప్పుడూ కొద్దిగా చిట్లి, అరిగి ఉంటుంది. అచ్చు అంచులు పదునుగా, రంగు నిగనిగలాడుతూ ఉండి, ట్యూబు లోపల మాత్రం వాడిన మరకలుంటే అనుమానించండి.

కంటి పరీక్ష

మొదట గెటర్. గాజు లోపల వెండిలా మెరిసే పూత అది. తయారీ చివర బేరియం లోహాన్ని ఆవిరి చేసి గాజుకు అంటిస్తారు, మిగిలిన వాయువుల్ని అది పీల్చుకుంటూ ఉంటుంది. పాలలా తెల్లబడితే గాలి లోపలికి వచ్చేసింది, ట్యూబు పోయింది, ఇంక చూసేదేమీ లేదు. అంచులు పలచబడి గోధుమరంగుకు, ఇంద్రధనుస్సు రంగులకు తిరిగితే బాగా వాడారన్న మాట. పూత చిన్నగా ఉన్నంత మాత్రాన చెడ్డది కాదు, కొన్ని ఫ్యాక్టరీలు చిన్నదే వేశాయి. అంచు స్పష్టంగా ఉందా లేదా అన్నదే చూడండి.

తరవాత ప్లేటు (గాజులోంచి కనిపించే లోహపు రేకు) సందులకు ఎదురుగా ఉన్న గాజు. వాడిన 6ఎల్6లో అక్కడ గోధుమ రంగు మచ్చ పడుతుంది. మచ్చ ముదురయ్యేకొద్దీ వాడకం ఎక్కువ. కానీ కొన్ని ఆర్‌సిఎ 6వి6, 6ఎల్6 ట్యూబుల గాజు లోపలంతా బూడిదరంగు పూత ఉంటుంది. అది ఫ్యాక్టరీలో వేసినదే. సమానంగా ఉంటే పూత, ఒక్కచోటే ఉంటే మచ్చ.

ఎనిమిది పిన్నుల ట్యూబుల్లో బేస్ గాజు నుంచి ఊడి తిరుగుతోందేమో చూడండి. తిరుగుతుంటే ఇంకా తిప్పకండి, లోపలి తీగలు మెలిపడి తెగుతాయి. పలచటి సూపర్ గ్లూ రెండు మూడు చుక్కలు సందులో వేసి నిలువుగా ఒక రాత్రంతా వదిలేయండి. బేస్ మధ్యలో ఉండే ప్లాస్టిక్ కొమ్ము విరిగిందా? అప్పుడు ట్యూబు సాకెట్లో ఏ దిక్కుగానైనా దిగుతుంది, వందల వోల్టులు గ్రిడ్‌కి (కరెంటును అదుపు చేసే లోపలి తీగల వలకి) తగలొచ్చు. అలాంటిదాన్ని అమ్మేటప్పుడు ముందే చెప్పాలి, కొనేటప్పుడు రేటు సగానికి దించాలి. ఇఎల్84కి బేస్ ఉండదు, పిన్నులు గాజులోంచే వస్తాయి. వంకరపోయిన పిన్నును సరిచేస్తే దాని మొదట్లో గాజు చిట్లుతుంది. భూతద్దంతో ఆ తొమ్మిది మొదళ్ళూ చూడండి.

ట్యూబును నిలువుగా పట్టుకుని మెల్లగా ఊపండి. బేస్‌లోంచి సన్నని గలగల వస్తే ఎండిపోయిన జిగురు ముక్క అయుండొచ్చు, ప్రమాదం లేదు. గాజు లోపల లోహం ముక్క కదులుతుంటే మాత్రం దాన్ని యాంప్లిఫయర్‌లో పెట్టకండి.

మల్టీమీటర్‌తో రెండు నిమిషాలు

ఇఎల్34, 6ఎల్6, 6వి6 మూడింటికీ హీటర్, అంటే ఎలక్ట్రాన్లు విడుదల చేసే క్యాథోడ్‌ను వేడి చేసే తీగ, 2, 7 పిన్నుల మధ్య ఉంటుంది. ఇఎల్84కి 4, 5 మధ్య. చల్లగా ఉన్నప్పుడు ఇఎల్34 హీటర్ 1 ఓంకు లోపే చూపుతుంది, 6వి6 కొంచెం ఎక్కువ. ఏమీ చూపకపోతే హీటర్ తెగిందని వెంటనే పారేయకండి. ఎనిమిది పిన్నుల ట్యూబుల్లో లోపలి తీగను పిన్ను కొసలో టంకం వేసి అతుకుతారు. యాభై, అరవై ఏళ్ళలో ఆ అతుకు పొడిబారుతుంది. 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో పిన్ను కొసను వేడి చేసి, రోజిన్ ఫ్లక్స్, ఒక చిటికెడు టంకం ఇవ్వండి. చచ్చిందనుకున్న ట్యూబు ఇలా లేచిన సందర్భాలు చాలానే ఉంటాయి.

మిగతా పిన్నుల మధ్య ఎక్కడా దారి ఉండకూడదు. కానీ ఇది చల్లటి పరీక్ష మాత్రమే. వేడెక్కి వంగితే గ్రిడ్ క్యాథోడ్‌ను తాకొచ్చు, అది మీటర్‌కి తెలియదు.

ట్యూబ్ టెస్టర్ ఉన్నవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. ఎమిషన్ టెస్టర్ క్యాథోడ్ ఎలక్ట్రాన్లు ఎంత విడుదల చేస్తుందో మాత్రమే చెబుతుంది. హికాక్, టివి-7, ఎవిఓ లాంటివి ట్రాన్స్‌కండక్టెన్స్, అంటే గ్రిడ్ వోల్టేజీ మారితే కరెంటు ఎంత మారుతుందో, కొలుస్తాయి, వాటి మాట కొంత నయం. అయినా చాలా టెస్టర్లు ప్లేటుకు ఇచ్చే వోల్టేజీ యాంప్లిఫయర్‌లో ఉండేదానికంటే చాలా తక్కువ. టెస్టర్ మీద పాసై 450 వోల్టుల దగ్గర మెరుపులు కొట్టే ట్యూబులుంటాయి. ఆఖరి తీర్పు యాంప్లిఫయర్‌దే.

యాంప్లిఫయర్‌లో పరీక్ష

ఈ భాగం తెరిచిన ఛాసిస్ మీద పని చేయడం అలవాటున్నవాళ్ళ కోసం. లోపల 400 నుంచి 500 వోల్టుల డిసి ఉంటుంది, ప్లగ్గు తీసేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. 10 కిలో ఓంల, 10 వాట్ల రెసిస్టర్‌కి బాగా ఇన్సులేషన్ ఉన్న తీగలు అతికి, మొదటి ఫిల్టర్ కెపాసిటర్ ప్లస్‌కూ ఛాసిస్‌కూ మధ్య పది సెకన్లు పట్టండి. మీటర్ 10 వోల్టుల లోపు చూపేవరకు చెయ్యి పెట్టకండి. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసే అలవాటు కెపాసిటర్‌నూ పాడు చేస్తుంది, కళ్ళకూ మంచిది కాదు. ఇవి కొత్తగా అనిపిస్తే ఈ దశను తెలిసిన మెకానిక్‌కి అప్పగించండి.

స్పీకర్ గానీ, సరైన ఓముల డమ్మీ లోడ్ గానీ కలపకుండా ఆన్ చేయకండి. లోడు లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, దాని ఖరీదు ముందు ట్యూబు ఖరీదు ఎంత? బయాస్ (గ్రిడ్‌కి ఇచ్చే నెగటివ్ వోల్టేజీ) స్క్రూను అన్నిటికంటే ఎక్కువ నెగటివ్ వైపు తిప్పి ఉంచండి. మొదటిసారి మన మెకానిక్కుల సీరీస్ బోర్డు మీద, 100 వాట్ల బల్బు వరసలో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది, ఆపేయండి. బల్బుతో ఉన్నప్పుడు వోల్టేజీలన్నీ తగ్గే ఉంటాయి కాబట్టి అక్కడ బయాస్ కొలతలు తీయకండి.

బల్బు తీసేశాక, దశాబ్దాలుగా పెట్టెలో ఉన్న ట్యూబుకు ముందు స్టాండ్‌బైలో, హీటర్ మాత్రమే వెలిగేలా ఒక గంట ఇవ్వండి. ఈలోగా హీటర్ వోల్టేజీ కొలవండి. 6.3 ఉండాలి, 5.7 నుంచి 6.9 దాటకూడదు. మన ఊళ్ళలో కరెంటు రాత్రిపూట 250 దాకా ఎగబాకే చోట, అమెరికన్ 120 వోల్టుల యాంప్లిఫయర్‌ని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపేవాళ్ళు దీన్ని తప్పకుండా చూడాలి. హీటర్ 7 వోల్టుల దగ్గర ఉంటే పాత క్యాథోడ్ ఆయువు చూస్తుండగానే కరిగిపోతుంది, ప్లేటు వోల్టేజీ కూడా అదే పాళ్ళలో పెరిగి ఉంటుంది.

ఇప్పుడు స్టాండ్‌బై తీసి కరెంటు చూడండి. ప్రతి ట్యూబు క్యాథోడ్‌కూ భూమికీ మధ్య 1 ఓం రెసిస్టర్ ఉంటే మిల్లీవోల్టులే మిల్లీయాంపియర్లు. లేకపోతే సాకెట్‌కూ ట్యూబుకూ మధ్య పెట్టే బయాస్ ప్రోబ్ వాడండి. లెక్క ఇలా ఉంటుంది. ఇఎల్34 క్యాథోడ్ దగ్గర 40 చూపిందనుకోండి. అందులో స్క్రీన్ (ప్లేటుకు ముందుండే రెండో గ్రిడ్) కరెంటు 5 దాకా తీసేస్తే ప్లేటుది 35. ప్లేటు వోల్టేజీ 450 అయితే 450 × 0.035 = 15.75 వాట్లు. ఇఎల్34 గరిష్ఠం 25 వాట్లు, అంటే 63 శాతం. గిటారు వాళ్ళు 70 శాతం సూత్రం చెబుతారు. అది గరిష్ఠ హద్దు మాత్రమే, చేరుకోవలసిన గమ్యం కాదు. ఖరీదైన పాత ట్యూబుకు 60 శాతం దగ్గర ఆపండి, ధ్వనిలో తేడా తెలియదు, ఆయువులో తెలుస్తుంది. 6ఎల్6జిసి గరిష్ఠం 30 వాట్లు, 6వి6జిటి, ఇఎల్84 పాత లెక్కల ప్రకారం 12.

కరెంటు స్థిరపడిందా అన్నది అరగంట చూడాలి. మొదటి అయిదు నిమిషాలు కొద్దిగా కదలడం మామూలే. ఇరవై నిమిషాల తరవాత కూడా 35, 38, 43 అని ఎక్కుతూ పోతుంటే గ్యాస్, అంటే ట్యూబు లోపల వాయువు ఉంది. దాన్ని అంకెల్లో పట్టుకోవడానికి గ్రిడ్ లీక్ రెసిస్టర్ రెండు కొసల మధ్య డిసి వోల్టేజీ కొలవండి. చాలా మార్షల్‌లలో అది 220 కిలో ఓంలు. అక్కడ 0.22 వోల్టు కనిపిస్తే గ్రిడ్ లోంచి 1 మైక్రోయాంపియర్ పారుతోందన్న మాట. మంచి ట్యూబుకు అక్కడ దాదాపు సున్నా ఉండాలి. వోల్టేజీ కనిపించగానే ట్యూబును నిందించకండి, ముందు రెండు ట్యూబుల్ని అటూఇటూ మార్చి చూడండి. వోల్టేజీ ట్యూబుతో పాటు వెళ్తే తప్పు ట్యూబుది. సాకెట్ దగ్గరే ఉండిపోతే కప్లింగ్ కెపాసిటర్ కారుతోంది, దాన్ని మార్చకుండా ఏ మంచి ట్యూబు పెట్టినా కాలుతుంది.

ప్లేటు ఎర్రగా కాలితే ఆలోచించకుండా ఆపండి. నీలి వెలుగు గురించి మాత్రం భయం ఎక్కువ, అవసరం తక్కువ. గాజు లోపలి గోడకు అంటుకున్నట్టు, వాయించినప్పుడు కదిలే నీలం మంచి ట్యూబులోనూ ఉంటుంది. ప్లేట్ల మధ్య నుంచి పొగమంచులా వచ్చే గులాబీ, ఊదా వెలుగే గ్యాస్.

క్యాథోడ్ ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మంచి టెస్టర్లలో ఉండే లైఫ్ టెస్ట్ మీట హీటర్ వోల్టేజీని సుమారు పదోవంతు తగ్గిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ట్యూబు ఆ తేడాకు అంతగా చలించదు. అరిగిన ట్యూబు కొలత జారిపోతుంది. టెస్టర్ లేనివాళ్ళు బయాస్‌ను సరిగ్గా 1 వోల్టు మార్చి, కరెంటు ఎన్ని మిల్లీయాంపియర్లు మారిందో రాసుకోవచ్చు. అదే ఆ చోట ట్రాన్స్‌కండక్టెన్స్. తయారీదారు డేటా పుస్తకంలో ఇఎల్34కి 11 అని ఉంటుంది, కానీ అది 100 మిల్లీయాంపియర్ల దగ్గర. మీ 35 దగ్గర చాలా తక్కువే వస్తుంది, కాబట్టి పుస్తకంతో పోల్చకుండా మీ దగ్గరున్న ట్యూబుల్ని ఒకదానితో ఒకటి పోల్చండి.

ఏది ఎక్కడ పెట్టకూడదు

సాకెట్ ఒకటే అయినంత మాత్రాన ట్యూబులు ఒకటి కావు. ఇఎల్34కి 1వ పిన్ను సప్రెసర్ గ్రిడ్, దాన్ని 8వ పిన్నుకు, అంటే క్యాథోడ్‌కు కలపాలి. ఫెండర్ యాంప్లిఫయర్లలో ఖాళీగా ఉన్న 1వ పిన్నును 1.5 కిలో ఓంల గ్రిడ్ రెసిస్టర్‌కి ఆధారంగా వాడుకున్నారు. అందులో ఇఎల్34 నేరుగా పెడితే సప్రెసర్‌కి సిగ్నల్, నెగటివ్ బయాస్ వెళ్తాయి. పైగా ఇఎల్34 హీటర్ 1.5 యాంపియర్లు తాగుతుంది, 6ఎల్6జిసి 0.9. నాలుగు ట్యూబుల ట్విన్‌లో 3.6 కాస్తా 6 అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఒళ్ళు కాలుతుంది. 1970లలో అమెరికాకు పంపిన మార్షల్ తలలు చాలావరకు 6550తో వెళ్ళాయి. వాటిని ఇఎల్34కి మార్చేటప్పుడు 1, 8 పిన్నులు కలిసి ఉన్నాయో లేదో, బయాస్ పరిధి సరిపోతుందో లేదో ముందు చూడండి.

6ఎల్6 పేరు వెనక తోకను చదవకుండా కొనకండి. జిసి అంటే 30 వాట్లు, 500 వోల్టులు. 5881 అంటే 23 వాట్లు, 400 వోల్టులు. వట్టి 6ఎల్6, 6ఎల్6జి, జిబిలకు 19 వాట్లు మాత్రమే. సీసా ఆకారం చూసి ముచ్చటపడి 6ఎల్6జిని ట్విన్ రివర్బ్‌లో పెడితే ఆ ముచ్చట ఒక్క సాయంత్రమే. ఎసి30 సంగతి ఇంకోరకం. నాలుగు ఇఎల్84లకూ కలిపి సుమారు 50 ఓంల ఒకే క్యాథోడ్ రెసిస్టర్, బయాస్ స్క్రూ ఏమీ లేదు. ట్యూబులు ఖాళీగా ఉన్నప్పుడే తమ గరిష్ఠాన్ని దాటి మండుతుంటాయి. వాడని బ్లాక్‌బర్న్ ఇఎల్84 నాలుగింటిని అందులో పెట్టడం మా దృష్టిలో దుబారా. సోవియట్ సైన్యం సరుకు 6పి14పి-ఇవి అక్కడ నిబ్బరంగా తట్టుకుంటుంది, ధర కూడా తక్కువ.

జత, ఆ తరవాత వెల

పుష్‌పుల్‌లో, అంటే ట్యూబులు వంతులవారీగా పని చేసే అమరికలో, రెండు ట్యూబుల కరెంటు తేడా 5 మిల్లీయాంపియర్ల లోపు ఉంటే గిటారుకు సరిపోతుంది. 10 దాటితే ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వైపులా సమం కాక హమ్ వినపడుతుంది. ఒకే కోడ్ ఉన్నంత మాత్రాన జత కాదు, ఒకే కోడ్ ఉండి కరెంటూ కలిస్తే అది జత. విడి ట్యూబులు రెండింటి ధర కంటే నిజమైన జత ధర ఎక్కువ, నాలుగు కలిసిన సెట్టుది ఇంకా ఎక్కువ. కాబట్టి అయిదు ట్యూబులుంటే తొందరపడి రెండు అమ్మేసి సెట్టు విడగొట్టుకోకండి.

కొనేవాళ్ళ ఆశను బట్టి ఒక వరస చెప్పొచ్చు. అన్నిటికంటే పైన లండన్ హామర్‌స్మిత్‌లో ఎం.ఓ. వాల్వ్ చేసిన జిఇసి కెటి88, కెటి66, ఫిలిప్స్ లోహపు బేస్ ఇఎల్34 ఉంటాయి. వాటి వెనక మల్లార్డ్ ఎక్స్‌ఎఫ్1, ఎక్స్‌ఎఫ్2, టంగ్‌సోల్ 6550, ఆర్‌సిఎ నల్ల ప్లేట్ల 6ఎల్6జిసి వస్తాయి. తరవాత సిల్వేనియా ఎస్‌టిఆర్387, ఎక్స్‌ఎఫ్3, ఎక్స్‌ఎఫ్4, జిఇ 6ఎల్6జిసి, ఆర్‌ఎఫ్‌టి. చివర్న సోవియట్ 6పి3ఎస్-ఇ లాంటి గట్టి పనిముట్లు. ఇది ఆశల వరస మాత్రమే. అరిగిపోయిన ఎక్స్‌ఎఫ్2 జత కంటే బలంగా ఉన్న ఆర్‌ఎఫ్‌టి జత మీ యాంప్లిఫయర్‌లో బాగా పలుకుతుంది.

ధర తెలుసుకోవాలంటే ప్రకటనల్లో అడిగిన రేటు చూడొద్దు, అమ్ముడైన రేటు చూడండి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపే ఫిల్టర్ ఉంటుంది. మీ ట్యూబు కోడ్‌తో, అదే స్థితిలో ఉన్నవి అయిదారు పోగు చేసి, అన్నిటికంటే ఎక్కువదాన్నీ తక్కువదాన్నీ తీసేసి మిగతావి చూడండి. ఎన్‌ఓఎస్ (న్యూ ఓల్డ్ స్టాక్) అని రాస్తే వాడనిదని అర్థం. పిన్నుల మీద గీతలుండి, గెటర్ పలచబడి, పెట్టె లేకుండా వచ్చినది ఎన్‌ఓఎస్ కాదు, వాడినది. "బాగా కొలిచింది" అనే మాటకు విలువ లేదు. టెస్టర్ పేరు, కొత్త ట్యూబుకు రావలసిన అంకె, తిరస్కరించే అంకె, ఈ ట్యూబు చూపిన అంకె, నాలుగూ కావాలి. విదేశం నుంచి తెప్పించేటప్పుడు కొరియర్, కస్టమ్స్ కూడా కలుపుకుని లెక్క వేయండి. కస్టమ్స్‌కు సరుకు రకం చెప్పే ట్యూబుల హెచ్‌ఎస్ కోడ్ 8540తో మొదలవుతుంది, పంపేవాణ్ణి అదే రాయమనండి.

మన దగ్గర వెతకదలిస్తే, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో ఫిలిప్స్ సాంకేతిక సహకారంతో వాల్వులు చేసింది. బిఇఎల్ ముద్ర ఉన్న ఇఎల్84, ఇసిసి83లు పాత వాల్వు రేడియోల్లో ఇప్పటికీ ఉన్నాయి. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చిన పాత మైక్ సెట్ల యాంప్లిఫయర్లు దొరికితే మూత తెరిచి చూడకుండా తూకానికి వదలకండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో, బెంగళూరు ఎస్.పి. రోడ్డులో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత కొట్లవాళ్ళను ట్యూబు అని కాకుండా వాల్వు అని అడగండి. రేడియో పనిచేస్తున్నదైతే మాత్రం అందులోంచి ట్యూబు పీకకండి, నడిచే వాల్వు రేడియోకి దాని విలువ దానికుంది.

పంపేటప్పుడు ఒక్కో ట్యూబునూ మెత్తటి కాగితంలో చుట్టి, దాని చుట్టూ బబుల్ షీటు, ఆ పైన విడి అట్టపెట్టె, అవన్నీ కలిపి నాలుగు వైపులా కనీసం అయిదు సెంటీమీటర్ల మెత్త ఉన్న పెద్ద పెట్టెలో పెట్టండి. గాజుకు గాజు తగలకూడదు. అచ్చు ఉన్న చోట టేపు వేయకండి, విప్పేటప్పుడు లోగో టేపుతోనే వచ్చేస్తుంది. ప్రతి పెట్టెలోనూ ఆ ట్యూబు కోడ్, ప్లేటు వోల్టేజీ, బయాస్ వోల్టేజీ, అరగంట తరవాతి కరెంటు రాసిన చీటీ పెట్టి, దాని ఫొటో ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. వేరే ట్యూబు తిరిగొచ్చినా, "పని చేయలేదు" అన్న ఫిర్యాదు వచ్చినా చూపించడానికి మీ దగ్గర ఉండేది అదే.